అటు తిరిగి నిలబడ్డ ఆవు

మా ఆయన మొదటిసారి ఆ పరీక్ష తప్పింది ఆవుల గురించి తెలియక కాదు. మావాడికి తెలిసినంత ఆవులకే తెలియదని మా మామగారు నలుగురిలో చెప్పుకునేవారు. తిరుపతిలో పశువైద్యం చదివి, తెనాలి దగ్గర పశువుల ఆసుపత్రిలో నాలుగేళ్లు పనిచేసి, మా ఆడపడుచు స్పాన్సర్ చేస్తే గ్రీన్‌కార్డు మీద మిషిగన్‌లో దిగిన మనిషి. నేను ఆయన సామానులో భాగంగా వచ్చాను. ఎయిర్‌పోర్టులో ఆవకాయ జాడీని ఆపేశారు, నన్ను వదిలేశారు.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. అక్కడ చదివిన చదువు ఇక్కడ చెల్లాలంటే మళ్లీ పరీక్షలు. రాతపరీక్ష ఆయన ఒక్క దెబ్బకి పాసయ్యారు. రెండోది ప్రాక్టికల్. పక్క రాష్ట్రంలో ఒక వెటర్నరీ కాలేజీకి వెళ్లి, ఇద్దరు ఎగ్జామినర్ల ముందు ప్రాణమున్న ఆవుని పరీక్ష చేసి చూపించాలి. దానికి రెండే ఛాన్సులు. రెండోసారీ పోతే మళ్లీ రాతపరీక్ష నుంచి మొదలు. ఈలోగా మా ఊళ్లో కుక్కల ఆసుపత్రిలో బోనులు కడగడం, డాక్టరు ఇంజెక్షన్ ఇస్తుంటే కుక్కని కదలకుండా పట్టుకోవడం ఆయన ఉద్యోగం.

ఫలితం వచ్చిన రోజు ఆయన ఉత్తరాన్ని విప్పకుండా బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుని, "ఇందులో నా తలరాత ఉంది" అన్నారు.

"తలరాతైతే ఎవరూ చదవలేరు. ఇలా ఇవ్వండి" అని నేనే చింపాను.

అన్నిట్లోనూ మంచి మార్కులే. చివర్లో మాత్రం ఎవరో పెన్నుతో ఒక ముక్క రాశారు. పశువును తాకిన చేతిని కడుక్కోకుండా కళ్లకు ఆనించుకున్నారు, నాలుగుసార్లు అని. శుభ్రతకి సున్నా. అందులో సున్నా వస్తే మిగతావి ఎన్ని వచ్చినా లెక్కలోకి రావు.

మా ఆయన కుర్చీ వెనక్కి పడేలా లేచారు. "అబద్ధం! నేను కళ్లకెందుకు ఆనించుకుంటాను? ఆవుల నుంచి మనుషులకి అంటుకునే జబ్బుల మీద కాలేజీలో సెమినార్ ఇచ్చినవాణ్ణి. ఇది కక్ష. ఇది కుట్ర."

నేను వాదించలేదు. ఫ్రిజ్ పక్కన దాణా కంపెనీ వాళ్ల క్యాలెండర్ వేలాడుతోంది. దాని దగ్గరికెళ్లి, "ఏమండీ, ఈ ఆవు కాలెందుకు అలా ఉంది?" అని అడిగాను.

ఆయన కోపం మర్చిపోయి వచ్చారు. బొమ్మలో ఆవు నడుము మీద వేళ్లు పెట్టి, "ఏముంది, బాగానే ఉందిగా" అంటూ, ఆ వేళ్లని తీసుకెళ్లి రెండు కళ్లకీ అద్దుకున్నారు.

"ఐదు" అన్నాను.

ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నారు. వేరేవాళ్ల చెయ్యి పొరపాటున తన దగ్గర ఉండిపోయినట్టు చూసుకున్నారు.

ఇది మా అత్తగారి పెంపకం. ఆవు వెనక భాగంలో లక్ష్మీదేవి ఉంటుందని, పాలు పితకడానికి ముందు తాకి కళ్లకద్దుకోవాలని, ఈయనకి నడక వచ్చినప్పటి నుంచీ చెయ్యి పట్టుకుని నేర్పింది. చదువులో ఎన్ని సూక్ష్మక్రిముల పేర్లు చేరినా ఆ చెయ్యి తన దారిన తను పోతూనే ఉంది. తెనాలి దగ్గర రైతులు దాన్ని చూసి, డాక్టరుగారు భక్తిపరుడు అని మెచ్చుకున్నారే తప్ప మార్కులు కొయ్యలేదు. నేను నవ్వాను గానీ, నా కాలూ అంత శుద్ధమైనది కాదు. పుస్తకానికి తగిలితే చాలు, చెయ్యి కిందకీ కళ్లకీ ఒక ట్రిప్పు వేసి వస్తుంది.

రెండోసారి పరీక్ష ఏప్రిల్‌లో పడింది. ఆ మధ్యలో ఒకటి జరిగింది. మా ఊరికి అరగంట దూరంలో పాడిరైతుల ఊరొకటుంది. అక్కడి పశువుల డాక్టరు ముసలాయన మా ఆయనకి చర్చి సంతలో పరిచయమై, "సెప్టెంబరులో మానేస్తున్నాను. అప్పటికి నీకు లైసెన్సు వస్తే నా పని నువ్వు అందుకో. రాకపోతే వేరేవాళ్లని చూసుకోవాలి" అన్నాడు. ఆ తర్వాత వారం కుక్కల ఆసుపత్రికి ఒక రైతు ఫోన్ చేశాడు. ఆవు ఈనలేక అవస్థ పడుతోంది, ముసలాయన ఊళ్లో లేడు, ఎవరైనా ఉన్నారా అని. ఫోన్ ఎత్తింది మా ఆయన. ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు. చెప్పే హక్కు లేదు. "డాక్టరుగారు లేరండీ" అని పెట్టేశారు. ఆ పూట అన్నం దగ్గర ఒక్క మాటా మాట్లాడలేదు. మా ఆయన మాట్లాడితే నాకు విసుగు, మాట్లాడకపోతే భయం.

అలవాటు మానాలంటే సాధన కావాలి. సాధనకి ఆవు కావాలి. లైసెన్సు లేనివాణ్ణి కొట్టంలోకి రానిచ్చే రైతు ఎవరూ లేరు. కుక్కల దగ్గర ప్రయత్నిస్తే ఆ చెయ్యి అసలు లేవలేదు. దానికి కుక్కకీ ఆవుకీ తేడా బాగా తెలుసు.

అప్పుడు నా ఆవు పనికొచ్చింది.

నేను ఊళ్లో మ్యూజియంలో గార్డుని. తుపాకీ లేదు, లాఠీ లేదు. నీలం కోటు వేసుకుని గదిలో ఒక మూల నిలబడి, ఎవరైనా బొమ్మ దగ్గరికి మరీ వంగితే దగ్గడం నా పని. నాకిచ్చిన గదిలో వందేళ్ల కిందటి డచ్చి చిత్రకారుడి బొమ్మలుండేవి. ఆయన బతుకంతా పొలాలు, కాలవలు, గొర్రెలు, ఆవులు గీశాడు. రాజుల్ని గీయలేదు, యుద్ధాల్ని గీయలేదు. తడి గడ్డిలో ముక్కాలిపీట వేసుకుని, జలుబు చేసేదాకా అక్కడే కూర్చునేవాడని మ్యూజియం పెద్దమ్మగారు స్కూలు పిల్లలకి చెప్పేది. ఆమె ఆ బొమ్మల బాగోగులు చూసే ఆఫీసరు. ఇంకో మాట కూడా చెప్పేది. అప్పట్లో అమెరికా డబ్బున్నవాళ్లు డచ్చి వాళ్ల పశువుల బొమ్మల కోసం ఎగబడేవాళ్లట. పశువు మనవైపు వస్తున్నట్టుంటే ఒక ధర, అటు పోతున్నట్టుంటే తక్కువ ధర.

మా గదిలో పెద్ద బొమ్మ తక్కువ ధరదే. గోడలో సగం ఉంటుంది. కాలవ ఒడ్డున ఎర్రమచ్చల ఆవు అటు తిరిగి నిలబడి ఉంటుంది. మొహం సరిగ్గా కనపడదు, కనిపించేదంతా వెనక భాగమే. దాని మీద మబ్బులోంచి వచ్చిన వెలుగు. స్కూలు పిల్లలు దాన్ని చూసి కిసకిసలాడేవాళ్లు. మా ఆయన మొదటిసారి చూసినప్పుడు మాత్రం, బొమ్మ ముందు అడ్డంగా కట్టిన తాడు దాకా వెళ్లి వంగి చూశారు.

"ఎవరే ఈయన?" అన్నారు.

"డచ్చాయన. పోయాడు."

"ఆవు పక్కన నిలబడి గీశాడే. తోక మొదట్లో చూడు, రెండు పక్కలా గుంటలు పడ్డాయి. ఎముకల కట్లు వదులయ్యాయి. ఇది వారంలో ఈనుతుంది."

"వందేళ్ల నుంచీ వారమే" అన్నాను. అనేసరికే ఆయన కుడిచెయ్యి తాడు దాటబోయింది. గార్డుని కాబట్టి దగ్గాను.

అలా మొదలైంది. గురువారం ఆయనకి మధ్యాహ్నం నుంచి సెలవు. మా ఉద్యోగుల ఇంటివాళ్లకి టికెట్టు లేదు. చలికాలం గురువారం మధ్యాహ్నం డచ్చి గదికి వచ్చేవాళ్లు ఇద్దరో ముగ్గురో, వాళ్లు కూడా హీటర్ కోసం. మా ఆయన తాడుకి ఇవతల నిలబడి గాల్లో పరీక్ష చేసేవారు. ముందు చూడటం, తర్వాత తోక కింద నాడి, డొక్క, పొదుగు. ఒక్కో అడుగూ నోటితో చెబుతూ, చేతిని గాల్లో ఆడించి మళ్లీ తొడ పక్కకి తెచ్చుకోవాలి. నేను నా మూల నుంచి లెక్కపెట్టేదాన్ని. చెయ్యి కళ్లవైపు లేస్తే ఒక దగ్గు. మొదటి గురువారం ఎంత దగ్గానంటే, ఒక ముసలమ్మ నాకు పిప్పరమెంటు ఇచ్చి వెళ్లింది.

నెల గడిచేసరికి దగ్గులు పదికి దిగాయి. మార్చి మొదటికి మూడు. కానీ ఆ మూడూ పోలేదు. ఆయన మరీ లీనమైనప్పుడు, ఆవు తప్ప ఏదీ గుర్తులేనప్పుడే ఆ చెయ్యి లేచేది. పరీక్షలో లీనం కాకుండా ఎలా?

"నా శరీరమే నాకు శత్రువు" అన్నారొకసారి కారులో.

"శరీరం మొత్తం కాదు, మోచేతి నుంచి కిందకే. కుడిచెయ్యి ఒక్కటే" అన్నాను. ఆయన నవ్వలేదు. నిజానికి నాకూ నవ్వు రాలేదు.

పరీక్షకి మూడు వారాలుందనగా ఒక గురువారం. బయట మంచు ఎడతెరిపి లేకుండా పడుతోంది. గదిలో మేమిద్దరమే. ఆయన ఆ రోజు బాగా చేస్తున్నారు. నాడి అయింది, డొక్క అయింది, ఒక్క దగ్గు కూడా అవసరం రాలేదు. అంతలో ఒకావిడ గుమ్మంలోంచి తొంగిచూసి బాత్రూం ఎటని అడిగింది. ఎడమపక్క రెండో తలుపు అని చెప్పి ఇటు తిరిగాను.

మా ఆయన తాడు మీదికి వంగి ఉన్నారు. కుడి అరచెయ్యి ఆవు వెనక భాగం మీద, సరిగ్గా వెలుగు పడే చోట ఆని ఉంది. తాకారు. ఆ చేతిని తీసి, కళ్లు మూసుకుని, ఎంతో తృప్తిగా కళ్లకద్దుకున్నారు.

నేను దగ్గడం మర్చిపోయాను.

"ఎవరూ కదలొద్దు" అన్న మాట వెనక నుంచి వచ్చింది.

మా సూపర్‌వైజరు. సైన్యంలో సార్జెంటుగా చేసి రిటైరై వచ్చినాయన. ఆయన బూట్లు చప్పుడు చెయ్యవు, అదే బాధ. మా ఆయన చెయ్యి కళ్ల దగ్గరే ఆగిపోయింది. ఆ భంగిమలో తలనొప్పి మాత్ర ప్రకటనలా ఉన్నారు. అది నాకు తోచింది కానీ పైకి అనే ధైర్యం లేకపోయింది. ఆ గదిలో వస్తువుని కాపాడటానికే నాకు జీతం. బొమ్మకి ఏమైనా అయితే నా ఉద్యోగం పోతుంది. పోలీసు దాకా వెళితే మా ఆయన పేరు రికార్డులోకి ఎక్కుతుంది. రికార్డు ఉన్నవాడికి లైసెన్సు ఎవరిస్తారు?

"ఈయన మీకు తెలుసా?" అని అడిగాడు సార్జెంటు.

ఒక్క క్షణం, తెలియదని చెబుదామా అనిపించింది. సప్తపదిలో ఈ ప్రశ్న లేదు.

"నా భర్తండీ."

సార్జెంటు వాకీటాకీలో పెద్దమ్మగారిని పిలిచాడు. ఆవిడ చిన్న టార్చి, భూతద్దం పట్టుకుని వచ్చింది. మేం ముగ్గురం గోడకి వరసగా నిలబడ్డాం. ఆవిడ తాడు విప్పి లోపలికి వెళ్లి, ఆవు వెనక భాగాన్ని అంగుళం అంగుళం చూడటం మొదలుపెట్టింది. హీటరు గొట్టంలో నీళ్లు టక్ టక్ మంటున్నాయి. మా ఆయన పెదాలు కదులుతున్నాయి. ఆంజనేయ దండకం. ఆవిడ టార్చిని పక్కనుంచి వాల్చి చూసింది, ఎదురుగా చూసింది, మళ్లీ పక్కనుంచి చూసింది. ఒకచోట ఆగింది. చాలాసేపు ఆగింది.

"వార్నిష్ మీద దుమ్ములో వేళ్ల గుర్తులున్నాయి. రంగు పోలేదు. తుడిస్తే పోతాయి" అంది.

మా ఆయన గోడకి జారగిలబడ్డారు. ఆవిడ ఆయనవైపు తిరిగి, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "అంత పెద్ద బొమ్మలో అక్కడే ఎందుకు తాకారు?"

మా ఆయన తోక మొదట్లో గుంటలు చూపించారు, ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డంతో. వారంలో ఈనుతుందన్నారు. ఆవిడ మళ్లీ భూతద్దం పెట్టింది. "పాతికేళ్లుగా చూస్తున్నాను, అవి నీడలనుకున్నాను" అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది. తీర్పు సార్జెంటుకి వదిలేసింది.

ఆ తీర్పు ప్రకారం మా ఆయన ఇక ఆ గదిలో అడుగుపెట్టకూడదు. నన్ను పింగాణీ గిన్నెల గదికి మార్చారు. నా చేత్తో నేనే రిపోర్టు రాయాలి. సార్జెంటు ఆఫీసులో కూర్చుని రాశాను. పురుషుడు, సుమారు ముప్పై ఏళ్లు, నీలం స్వెటర్, మర్యాదస్తుడు. ఆవును వెనక తాకి, చేతిని కళ్లకు ఆనించుకొనెను.

సార్జెంటు అది చదివి, "కళ్లకెందుకు? మీరు కూడా చేస్తారు. మొన్న బ్రోషర్ మీద కాలు పడితే చేశారు. కంటి జబ్బేమోనని అడగలేదు" అన్నాడు.

అప్పుడు మొత్తం చెప్పాను. అత్తగారు, లక్ష్మీదేవి, సున్నా, ఏప్రిల్, సెప్టెంబరు, ఫోన్‌లో రైతు. చెబుతూ రెండుసార్లు ముక్కు తుడుచుకున్నాను. మంచువల్ల జలుబు అన్నాను.

ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "యంగ్ లేడీ, నేను ఇరవై రెండేళ్లు సెల్యూట్ కొట్టాను. మానేసి ఇంటికొచ్చాక రెండేళ్లపాటు పోస్ట్‌మ్యాన్‌కి కొట్టాను. పాలవాడికి కొట్టాను. మా ఆవిడ తల్లికి కూడా. లేచిన చేతిని ఆపడం ఎవరివల్లా కాదు."

"మరెలా మానారు?"

"మానలేదు. వేరే డ్యూటీ వేశాను. చెయ్యి లేవగానే టోపీ సర్దుకుంటాను." మళ్లీ టోపీ పెట్టుకుని చూపించాడు. నేను ఆయన్ని చూసిన ఏడాదిలో ఆ టోపీని రోజుకి నలభైసార్లు సర్దుకోవడం గమనించాను. అదొక నీటుదనం అనుకున్నాను.

ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పాను. ఆయన టోపీ పెట్టుకుని ప్రయత్నించారు. లాభం లేదు, మురికి చెయ్యి టోపీని తాకినా మార్కులు పోతాయి. ఇద్దరం ఫ్రిజ్ ముందు కూలబడ్డాం.

"అయిపోయింది. ఇక జీవితాంతం కుక్కల్ని పట్టుకునేవాణ్ణే" అన్నారు.

"ముందు టైమెంతయిందో చూడండి, స్టవ్ మీద పప్పు పెట్టాను" అన్నాను.

ఆయన చెయ్యెత్తి వాచీ చూసుకున్నారు. నేను ఆ చెయ్యిని చూశాను. కళ్ల ఎదురుగా, మొహానికి జానెడు దూరంలో ఆగి ఉంది. ఎడమచెయ్యి.

పప్పు మాడింది. ఆ వాచీ విప్పి కుడిచేతికి కట్టాం.

నాడి చూసేటప్పుడు వాచీ చూడాలి, అది తప్పు కాదు, డాక్టరు లక్షణం. కాబట్టి కుడిచెయ్యి ఆవుని తాకి పైకి లేస్తే, దాన్ని ఆపే పని లేదు. లేవనివ్వాలి. జానెడు దూరంలో టైము చూసుకుని దింపాలి. మూడు వారాలు మా ఫ్రిజ్ ఆవైంది. తెల్లగా, ఎత్తుగా, అటు తిరిగి. నా పాత వాయిల్ చీర అంచు చింపి తోక కట్టాను. ఉదయం పనికి వెళ్లేముందు అరగంట, వచ్చాక గంట. తాకు, లేపు, వాచీ చూడు, దింపు. పెరుగు కోసం ఫ్రిజ్ తలుపు తీసినా, "పది గంటల ఇరవై నిమిషాలు" అని చెప్పి తీసేవారు.

పరీక్ష రోజు కారు నేనే నడిపాను. లైసెన్సు వచ్చి రెండు నెలలే అయింది, అయినా ఆ రోజు ఆయన చేతికి స్టీరింగ్ ఇవ్వడం కన్నా నా డ్రైవింగ్ నయం. నాలుగు గంటల దారి. మంచు కరిగి పొలాలన్నీ బురద. ఆయన దారి పొడుగునా వాచీ చూసుకున్నారు.

కాలేజీ కొట్టానికి పెద్ద జోడు తలుపులు, రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. వెంట వచ్చినవాళ్లు లోపలికి రాకూడదని, గుమ్మానికి పది అడుగుల ఇవతల ఒక గొలుసు కట్టారు. నేను ఆ గొలుసు దగ్గర నిలబడ్డాను. మాటలు వినపడవు. ద్వారబంధం మధ్యలో ఎర్రమచ్చల ఆవొకటి అటు తిరిగి నిలబడి ఉంది. పై కిటికీలోంచి దాని వెనక భాగం మీద వెలుగు పడుతోంది. పక్కన మా ఆయన, రబ్బరు బూట్లలో. అట్టలు పట్టుకుని ఇద్దరు ఎగ్జామినర్లు. ఎక్కడో చూసినట్టుందే అని ఆలోచించాల్సిన పనే లేదు. ఇన్నాళ్లూ నేను తాడు దాటబోయేవాళ్లని దగ్గి ఆపాను. ఇప్పుడు గొలుసుకి ఇవతల నేను, నా దగ్గు అక్కడికి వినపడదు.

ఆయన చాలాసేపు ఆవుని తాకనే లేదు. చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగారు, మాట్లాడుతూ. ఒక ఎగ్జామినరు రాసుకోవడం ఆపి వింటున్నాడు. తాకకుండా చూడటం నాలుగు నెలలు చేశారు కదా. గడ్డంతో తోక మొదలు చూపించారు. రెండో ఎగ్జామినరు వంగి అక్కడికి చూశాడు.

తర్వాత చెయ్యి వేశారు.

నడుము మీద నుంచి చెయ్యి తీశారు. అది లేచింది. నేను గొలుసు పట్టుకున్నాను. చెయ్యి భుజం దాటింది, గడ్డం దాటింది, ఆగింది. వాచీ. దిగింది. ఒకటి.

నాడికి తోక ఎత్తి, వదిలి. లేచింది. వాచీ. రెండు. డొక్క. మూడు. పొదుగు దగ్గర వంగి లేచేటప్పుడు చెయ్యి వేగంగా వెళ్లింది, మొహానికి జానెడు కాదు, నాలుగు వేళ్ల దూరం. ఎగ్జామినరు పెన్ను అట్ట మీద ఆగింది. మా ఆయన ఆ నాలుగు వేళ్ల దూరంలో వాచీని అలాగే చూస్తూ ఉండిపోయారు, టైము కాదు, ఏదో ఉత్తరం చదువుతున్నట్టు. నాకు తెలియకుండానే నేను గట్టిగా దగ్గాను. ఎవరూ వినలేదు. చెయ్యి దిగింది.

అంతా అయిపోయిందనుకుని ఆయన బకెట్టు వైపు తిరగబోయారు. సరిగ్గా అప్పుడు ఆవు తోక విసిరింది. తడి తోక. అది నేరుగా వెళ్లి మా ఆయన రెండు కళ్ల మీద చెంప నుంచి చెంప దాకా తగిలింది.

ఎవరూ కదల్లేదు. ఇన్ని నెలలు చేతిని కళ్లకి దూరంగా ఉంచితే, లక్ష్మీదేవి తనే వచ్చి అద్దిపోయింది. మా ఆయన చేతులు రెండూ గాల్లోకి లేచాయి, తుడుచుకోవడానికి. ఆ చేతులు ఇంకా కడగలేదు. తుడుచుకుంటే అయిపోయినట్టే. వద్దు, వద్దు, అనుకున్నాను, బహుశా పైకే అన్నాను. చేతులు జానెడు దూరంలో ఆగాయి. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు రెండూ అలా ఎత్తి పట్టుకుని, గుడ్డిగా, పాదంతో తడుముకుంటూ నాలుగడుగులు బకెట్టు దాకా నడిచారు. మోకాలితో తట్టి అది బకెట్టేనని నిర్ధారించుకున్నారు. చేతులు సబ్బుతో కడిగారు, మోచేతుల దాకా. మళ్లీ కడిగారు. అప్పుడు మంచినీళ్లతో మొహం కడుక్కున్నారు.

ఒక ఎగ్జామినరు అట్టతో మొహం అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడా, చిరాకు పడుతున్నాడా, నాకు తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు సగం దారి అయ్యాక మా ఆయన అన్నారు, "పోయిందంటావా?"

"మీరు కాదు తాకింది. ఆవు మిమ్మల్ని తాకింది. దానికి మార్కులు పోవాలి."

"నీకు ప్రతిదీ వేళాకోళమే."

"వేళాకోళం ఆపితే ఏడుస్తాను. కారు నడుపుతున్నాను" అన్నాను. ఆయన ఆ తర్వాత ఇంటిదాకా నా భుజం మీద చెయ్యి తియ్యలేదు. ఆ చెయ్యి ఎటూ లేవలేదు.

ఉత్తరానికి ఆరు వారాలు పట్టింది. ఈసారి తలరాత మాట రాలేదు, ఆయనే చింపారు. మొదటి వరస చదివి నాకిచ్చేశారు, తర్వాత కింద కూర్చుండిపోయారు, ఫ్రిజ్‌కి ఆనుకుని, చీర అంచు తోక పక్కన. పాసయ్యారు. శుభ్రతకి పూర్తి మార్కులు. చివర మళ్లీ పెన్నుతో ఒక ముక్క ఉంది. అభ్యర్థి మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నారు, పశువుల దగ్గర తొందర పనికిరాదు, కొంచెం ఓపిక అలవరచుకోవాలి.

ఇప్పుడు మేం ఆ పాడిరైతుల ఊళ్లోనే ఉంటున్నాం. ముసలాయన చెప్పినట్టే సెప్టెంబరులో మానేశాడు. మా ఆయన ఏ కొట్టంలోకి వెళ్లినా ఆవుని తాకడం, చెయ్యెత్తి టైము చూసుకోవడం. ఊళ్లో అందరూ ఆయన్ని ఒక్క నిమిషం తీరికలేని డాక్టరనుకుంటారు. నిలబెట్టి ఎక్కువసేపు మాట్లాడరు, పాపం. ఆయనేమో, ఇక్కడి మనుషులకి కబుర్లు చెప్పడమే రాదని రోజూ ఇంటికొచ్చి నా దగ్గర బాధపడతారు.